పురానీ హవేలీ బట్టల బీరువా

హైదరాబాదు పాతబస్తీలో దారుల్‌షిఫా దాటాక వచ్చే పురానీ హవేలీలో ఒక రెక్క మొత్తం బట్టల బీరువాకే సరిపోయింది. రెండు అంతస్తుల బీరువా అది. బర్మా టేకు తలుపులు ఒకదాని పక్కన ఒకటి అలా సాగిపోతూనే ఉంటాయి. పై వరుసకు చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది. పొడవు 176 అడుగులని సాధారణంగా రాస్తారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దుస్తులు, బూట్లు, టోపీలు, వాటితోపాటు వాడే సమస్త సరంజామా ఉంచడానికి చేయించిన బీరువా ఇది. ప్రపంచంలోకెల్లా పెద్ద బట్టల బీరువాల్లో ఒకటిగా దీనికి పేరు.

మహబూబ్ అలీ పాషా ఒకసారి తొడిగిన బట్ట రెండోసారి తొడగలేదని నగరంలో తరతరాలుగా చెప్పుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ మాట విని ముక్కున వేలేసుకుని, ఫోటో తీసుకుని ముందుకు కదులుతారు. కానీ ఆ తలుపుల వెనక రాజుగారి సోకు ఒక్కటే లేదు. ఎవరి ముందు ఎవరు ఏం తొడగాలి, తల మీద ఏముండాలి, కాలి చెప్పు ఎక్కడ విడవాలి అన్న లెక్కల మీదే ఆ కొలువు నడిచింది. హైదరాబాదులో అధికారం ఎటు మొగ్గుతోందో కాగితాల కంటే ముందు బట్టల్లో కనబడేది.

పాత హవేలీ

ఈ స్థలం మొదట కుతుబ్ షాహీల పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్‌దని చెబుతారు. రెండో నిజాం, నిజాం అలీ ఖాన్ తన కొడుకు సికందర్ జా కోసం ఇక్కడ భవనాన్ని సిద్ధం చేయించాడు. 1777 నాటి కట్టడంగా దీన్ని లెక్కిస్తారు. సికందర్ జా కొంతకాలం ఉండి ఖిల్వత్‌కు, అంటే ఇప్పటి చౌమహల్లా వైపుకు, మకాం మార్చడంతో ఇది పాత హవేలీ అయింది. ఇంగ్లీషు యూ అక్షరం ఆకారంలో ఉండే ఈ భవంతిలో మధ్యన నివాసం, రెండు పక్కలా పొడవాటి రెక్కలు. ముఖభాగం పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా తీరులో ఉంటుంది.

మహబూబ్ అలీ 1866 ఆగస్టు 17న ఈ హవేలీలోనే పుట్టాడు. ఆయన కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పుట్టిందీ ఇక్కడే. తండ్రికేమో బట్టలు పెట్టుకోవడానికి ఒక రెక్క మొత్తం పట్టింది. కొడుకేమో అతుకులేసిన షేర్వానీతో, నలిగిన టోపీతో దశాబ్దాలు గడిపాడు. ఒకే గడప నుంచి వచ్చిన ఈ ఇద్దరి కథ దగ్గరికి వెళ్లే ముందు, వాళ్లకు ముందున్న కొలువు ఏం తొడిగేదో చూడాలి.

పక్క ముడి నుంచి మధ్య గుండీకి

తొలి నిజాంలు మొఘల్ సుబేదారులు. వాళ్ల దర్బారు దుస్తులు ఢిల్లీవే: జామా, నడుముకు పట్కా, తలకు పాగా, పాగా మీద సర్పేచ్ అనే నగ. జామా ఛాతీకి అడ్డంగా వచ్చి చంక కింద నాడాలతో ముడిపడుతుంది. ముస్లింలు కుడి పక్కన, హిందువులు ఎడమ పక్కన ముడి వేసుకునేవారు. మొఘల్ సూక్ష్మచిత్రాల్లో ఉన్న మనిషి ఎవరో తేల్చుకోవడానికి చరిత్రకారులు ఆ ముడి ఎటుందోనని చూస్తారు.

కొలువులో బట్ట జీతంలాంటిది కూడా. ప్రభువు మెచ్చితే ఖిలత్, అంటే గౌరవ దుస్తులు, ఇచ్చేవాడు. మూడు బట్టలది, ఐదింటిది, ఏడింటిది అని దానికి అంతరాలుండేవి. ప్రభువు స్వయంగా తొడిగి విడిచినది దక్కితే అంతకు మించిన గౌరవం లేదు. పుచ్చుకున్నవాడు అక్కడే తొడుక్కుని, వంగి సలాం చేసి, నజరానా సమర్పించాలి. వద్దంటే తిరుగుబాటు కింద లెక్క. మహబూబ్ అలీ ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ ముట్టలేదన్న మాటను ఈ ఆచారం పక్కన పెట్టి చూస్తే దాని రంగు మారుతుంది. రాజు విడిచిన బట్ట చెత్తబుట్టకు పోదు. నౌకరుకో జాగీర్దారుకో ఇనాముగా చేరి, వాళ్లింట్లో పెట్టె అడుగున భద్రంగా ఉంటుంది. బీరువా నిండుతూ ఉండడం ఎంత అవసరమో ఖాళీ అవుతూ ఉండడమూ అంతే అవసరం.

ఈ దుస్తుల మోజులో పడ్డవాళ్లలో ఇంగ్లీషువాళ్లూ ఉన్నారు. 1798 నుంచి 1805 దాకా హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఇంట్లో హైదరాబాదీ జామాలో తిరిగేవాడు. ఖైరున్నిసాను పెళ్లాడాడు. నిజాం ఇచ్చిన హష్మత్ జంగ్ బిరుదుతో పిలిపించుకున్నాడు. కొడుకును, కూతురిని చదువు కోసం ఇంగ్లండ్ ఓడ ఎక్కించే ముందు, 1805లో చిత్రకారుడు జార్జ్ చినరీ చేత వాళ్ల బొమ్మ గీయించారు. అందులో పిల్లలిద్దరూ జరీ మెరిసే హైదరాబాదు దుస్తుల్లో నిలబడి ఉంటారు. ఓడ దిగాక బట్టలతో పాటు పేర్లూ మారాయి. సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, సాహిబ్ బేగం కిట్టీ అయింది. ఆ నాటి రాజధానిలో కలిగినవాళ్ల పిల్లలు ఏం తొడిగేవారో తెలుసుకోవడానికి ఈ చిత్రం ఇప్పటికీ మంచి ఆధారం.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో జామా పక్కకు జరిగి షేర్వానీ వచ్చింది. 1853 నుంచి 1883లో చనిపోయేదాకా దివాన్‌గా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పాలనను తిరగరాసే పనిలో ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారులను రప్పించాడు. 1874లో వచ్చిన మొహసిన్-ఉల్-ముల్క్ వాళ్లలో పేరున్నవాడు. కచేరీలు, దస్త్రాలు, కుర్చీలు, బల్లలు వచ్చిన చోటికి, కూర్చుని రాయడానికి వీలయ్యే కొత్త దుస్తులూ వచ్చాయి. షేర్వానీకి నిలువు కాలరు, మెడ నుంచి నడుము దాకా ఒకే వరుసలో గుండీలు, మోకాలి దాకా పొడవు. అందులో ఉత్తరాది అచ్కన్ ఎంతుందో ఇంగ్లీషు ఫ్రాక్‌కోటు అంతే ఉంది. అన్నిటికంటే పెద్ద మార్పు గుండీలు మధ్యకు రావడం. కుడి ముడి, ఎడమ ముడి అన్న తేడా పోయింది. ముస్లిం జాగీర్దారు, కాయస్థ ఉద్యోగి, ఖత్రీ ప్రభువు, తెలుగు దేశ్‌ముఖ్ ఒకే కోటులోకి చేరారు. రెండు విడతలు రాజ్యానికి పెద్దమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఫోటోల్లో ఆ కోటులోనే కనబడతాడు.

మొండెం మీద పోయిన తేడా తల మీదికి ఎక్కింది. కొలువుకు వచ్చేవాళ్లందరికీ దస్తార్, బగ్లూస్ తప్పనిసరి. దస్తార్ అంటే తలపాగానే. కానీ రోజూ చుట్టుకునేది కాదు. ముందే మడతలు పెట్టి, చుట్టి, కుట్టి సిద్ధంగా ఉంచింది. చుట్టిన తీరు, ఎత్తు, మడతల వాటం చూసి ఫలానా వంశంవాడని చెప్పగలిగేవారు. బగ్లూస్ నడుముకు పెట్టుకునే పట్టీ, దానికి ముందు ఆసఫ్‌జాహీ చిహ్నమున్న బిళ్ల. ఈ రెండూ లేకుండా నిజాం ఎదుటికి వెళ్లడానికి వీల్లేదు. దస్తార్ పెట్టుకున్నాడంటే వేళ కాని వేళలోనైనా కొలువుకు బయల్దేరాడని అర్థం.

బూట్లు విప్పని దర్బారు

1869 ఫిబ్రవరిలో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయాడు. మహబూబ్ అలీకి అప్పటికి రెండున్నరేళ్లు. పసివాణ్ని మస్నద్ అనే గద్దె మీద కూర్చోబెట్టే దర్బారుకు ఏర్పాట్లు జరుగుతుండగా పేచీ వచ్చింది. పేచీ వారసత్వం గురించి కాదు, బూట్ల గురించి.

అంతవరకు నిజాం దర్బారుకు వచ్చే ఇంగ్లీషువాళ్లు బూట్లు విడిచి, అందరిలా కింద కూర్చునేవాళ్లు. రెసిడెంటు సాండర్స్ ఈసారి ఆ పద్ధతి కుదరదన్నాడు. బూట్లతోనే వస్తాం, కుర్చీల్లోనే కూర్చుంటాం అన్నాడు. ప్రభువు పసిబిడ్డ, రాజ్యం రీజెంట్ల చేతిలో. సాలార్‌జంగ్ ఒప్పుకోక తప్పలేదు. కొత్త ఒప్పందమేదీ రాయకుండా, ఒక్క సంతకం లేకుండా, ఆ రోజు దర్బారులోని తివాచీ మీద కంపెనీ కాలం నాటి లెక్క తారుమారైంది. 1857లో నిజాం ఇంగ్లీషువారి పక్షాన నిలిచి పన్నెండేళ్లయింది. వాళ్లిచ్చిన బహుమానం ఇదీ అని గొణుక్కున్న పెద్దలు ఉండే ఉంటారు.

బూట్ల చప్పుడు మధ్య గద్దెనెక్కిన ఆ పిల్లవాడు ఇంగ్లీషు ట్యూటర్ల దగ్గర చదువుకున్నాడు. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ స్వయంగా హైదరాబాదు వచ్చి అతనికి పూర్తి అధికారాలు అప్పగించాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ల పాలనలో అతని బీరువా రెండు ప్రపంచాలకు సరిపడా నిండింది. ఒక వైపు షేర్వానీలు, దస్తార్‌లు. ఇంకో వైపు లండన్ తరహా సూట్లు, సైనిక దుస్తులు, గుర్రపు స్వారీ బ్రీచెస్, రకరకాల బూట్లు.

ఎప్పుడు ఏది తొడిగేవాడో చెప్పడానికి రాజా దీన్‌దయాళ్ ఫోటోలున్నాయి. ఇండోర్ నుంచి వచ్చి సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన దీన్‌దయాళ్ ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ బిరుదులు పొందాడు. ఆయన గాజు పలకల మీద మహబూబ్ అలీ కొన్నిసార్లు చంపిన పులి పక్కన వేటదుస్తుల్లో, కొన్నిసార్లు కొలువు దుస్తుల్లో కనిపిస్తాడు. 1902 ఏప్రిల్‌లో వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో వేటకు వచ్చిన వైస్రాయి కర్జన్ దంపతులు పులితో దిగిన ఫోటో కూడా ఆ స్టూడియోదే. వేటదుస్తులది పైకి సరదా, లోపల రాజకీయం. దర్బారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న పేచీ అడవిలో ఉండదు. వైస్రాయి, నిజాం ఇద్దరూ ఒకే రకం కోటుతో ఒకే మంచె మీద ఉండగలరు.

బీరువాను చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఆర్మీనియన్ జాతికి చెందిన ఆల్బర్ట్ ఆబిద్. నిజాం ఉడుపులు, గడియారాలు, పాదరక్షలు ఆయన కనుసన్నల్లో ఉండేవి. ఆయన పెట్టిన దుకాణం పేరు మీదే నేటి ఆబిడ్స్ ఏర్పడింది. ప్యాలెస్‌లో వాడకుండా పడి ఉన్న సరుకు చడీచప్పుడు లేకుండా దుకాణానికి చేరి, మళ్లీ నిజాంకే అమ్ముడయ్యేదని పాత హైదరాబాదీలు నవ్వుతూ చెప్పుకునే కథ. 1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే వ్యాపారి నిజాంకు పెద్ద వజ్రం అమ్మజూపిన బేరంలోనూ ఆబిద్ మధ్యవర్తి. బేరం చెడి కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి 184.75 క్యారెట్ల ఆ వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది, కానీ దాని మీద ఆయనకు మనసు పోయింది. ఆయన మరణం తర్వాత కొడుకుకు అది చౌమహల్లాలో ఒక చెప్పు ముందుకొనలో దొరికింది. హైదరాబాదు ప్రభువు పాదరక్షలో దాగిన జేకబ్ వజ్రాన్ని మిగతా నగలతో కలిపి 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ 173 నగల్లో మెడలో వేసుకునేవి ఎన్నున్నా, సర్పేచ్‌లు, బగ్లూస్ బిళ్లలు, గుండీలు, కఫ్‌లింకులు కూడా ఉన్నాయి. అంటే పురానీ హవేలీ బీరువాలోని బట్టల మీది నగలు ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయన్నమాట.

ఇంత ఆడంబరం ఉన్న ప్రభువు రాత్రిపూట మామూలు బట్టల్లో నగరం తిరిగేవాడని కూడా కథలున్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయినప్పుడు ఆయన పట్టుచీర, పసుపు, కుంకుమ, ముత్యాలు పళ్లెంలో పెట్టి నదికి సమర్పించాడని పాతబస్తీ ఇప్పటికీ చెబుతుంది. చరిత్రా జానపదమా అన్న తగవు ఎలా ఉన్నా, జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది ఆ రోజు చేతిలో ఉన్న చీరతోనే. వేల జతల బట్టల్లో ఒక్కటీ జనం కథల్లోకి రాలేదు.

బట్ట వెనక చేతులు

ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పురానీ హవేలీలో అద్దాల పక్కన ఎవరు తొడిగారో రాసి ఉంటుంది. ఎవరు నేశారో, ఎవరు కుట్టారో ఉండదు. ఆ పేర్లు దొరకవు కానీ ఊళ్లు దొరుకుతాయి.

షేర్వానీల మేలు రకం బట్ట ఔరంగాబాదు నుంచి వచ్చేది. 1956 దాకా ఔరంగాబాదు హైదరాబాదు రాజ్యంలోదే. అక్కడి హిమ్రూ పత్తి, పట్టు కలిపి పూలు, బుటాలు పొదిగి నేసే నేత. పక్కనే పైఠణ్ చీరల ఊరు. మష్రూ అనే నేత కిటుకు ఇంకా చమత్కారమైనది. ముస్లిం మగవాళ్ల ఒంటికి పట్టు తగలకూడదని మతాచారం. అందుకని పడుగు పట్టుతో, పేక నూలుతో పెట్టి నేశారు. పట్టు పైకి తేలి మెరుస్తుంది, నూలు లోపలికి తిరిగి ఒంటిని తాకుతుంది. ఆచారం చెడలేదు, సోకూ తగ్గలేదు.

తెలుగు నేలకు వస్తే చీరాల, పుట్టపాక. తేలియా రుమాలు కోసం నూలును ఆముదపు కాయల బూడిద కలిపిన నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. అలా చేస్తే ఎరుపు, నలుపు రంగులు గట్టిగా పట్టుకుంటాయి. బట్టకు నూనె వాసన మిగులుతుంది. ఎండ దేశంలో చల్లగా ఉంటుందని దానికి పేరు. చీరాల ఇంగ్లీషువారి గుంటూరు జిల్లాలోది, పుట్టపాక నిజాం నల్లగొండలోది. రుమాళ్లు మాత్రం రెండు సరిహద్దులూ దాటి అరబ్ దేశాల దాకా వెళ్లాయి. హైదరాబాదు అంతఃపురాల్లో వాటిని దుపట్టాలుగా వేసుకునేవారని చెబుతారు. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గద్వాల సంస్థానం వైపు చూస్తే నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు విడిగా నేసి కలిపే పని కనబడుతుంది.

నేసిన బట్ట మీద బంగారు పని కార్చోబ్‌ది. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి, దాని చుట్టూ కారిగర్లు నేల మీద కూర్చుని సూదితో తీగలు, చుట్టలు, తళుకులు కుడతారు. జరీ తీగంటే వెండి తీగను పట్టుదారం చుట్టూ చుట్టి బంగారు పూత పూసింది. అందుకే ఆ కోట్లకు అంత బరువు.

కెమెరా వెళ్లని ఇంట్లో

కొలువులో మగవాళ్ల బట్టలకు ఉన్నన్ని ఫోటోలు జనానాకు లేవు. పర్దా కారణంగా మగ ఫోటోగ్రాఫర్ లోపలికి పోలేడు. దీన్‌దయాళ్ దానికీ ఉపాయం పన్నాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. రాణివాసపు స్త్రీలు పర్దా బండ్లలో వచ్చి ఫోటో దిగి వెళ్లే వీలు ఏర్పడింది.

అంతఃపురంలో నిలిచి, ఇప్పటికీ పెళ్లిళ్లలో బతుకుతున్నది ఖడా దుపట్టా. కింద చుడీదార్ పైజామా, చోళీ, దాని మీద పలచని కుర్తా, వీటన్నిటి మీద ఆరు గజాల దుపట్టా. కుచ్చిళ్లు పోసి, చుట్టి, భుజం దగ్గర బిగించి నిలబెడతారు. అంచులకు గోటా, మూలలకు జరీ కుచ్చులు. మెడలో ఏడుపేటల సత్లడా, తల పక్కన ఝూమర్. దుపట్టా కట్టించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో పెద్దావిడ ఒకరు దగ్గరుండి కుచ్చిళ్లు సర్దాలి.

1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్‌లో ఏడో నిజాం కొడుకులిద్దరికీ టర్కీ రాజకుటుంబపు అమ్మాయిలతో పెళ్లయింది. పెద్దకోడలు దుర్రు షెహ్వార్, చిన్నకోడలు నీలోఫర్. పారిస్ గౌన్లకు అలవాటుపడి వచ్చిన ఇద్దరూ చీర కట్టారు. నీలోఫర్ చీరలకు బొంబాయిలో ప్రత్యేకంగా కుట్టుపని చేయించేవారు. వాటిలో కొన్ని ఇప్పుడు న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉన్నాయి. 

కొడుకు టోపీ

1911 ఆగస్టులో మహబూబ్ అలీ చనిపోయాక గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ బట్టల గురించి వచ్చిన కథలన్నీ తండ్రి కథలకు తలకిందులు. మాసిన షేర్వానీ, పాత చెప్పులు, 35 ఏళ్లు ఒకటే టోపీ. 1937 ఫిబ్రవరి 22 సంచికలో టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ముఖచిత్రం మీద వేసింది. అదే నెల హైదరాబాదులో పాతికేళ్ల పాలన జూబ్లీ జరిగింది. ఐదో జార్జి మరణం వల్ల ఏడాది ఆలస్యమైన ఉత్సవం అది. అప్పుడు వచ్చిన కానుకలే ఇప్పుడు పురానీ హవేలీలో తండ్రి బీరువాకు పొరుగున ఉన్నాయి.

దీన్ని పిసినారితనమని నవ్వి వదిలేస్తే సగమే తెలుస్తుంది. ఆ కాలంలో కూడా ఆయన ఎదుటికి వచ్చేవాళ్లకు దస్తార్, బగ్లూస్ తప్పవు. ఒక చిన్న ఉద్యోగి ఈద్ దర్బారుకు వెళ్లాలంటే దస్తార్ అరువు తెచ్చుకునైనా పెట్టుకోవాలి. అందరూ ముస్తాబై నిలబడ్డ చోట చిరుగు షేర్వానీతో రాగలిగినవాడు ఒక్కడే. తండ్రి రోజూ బట్ట మార్చి ఏం చెప్పాడో, కొడుకు మార్చకుండా అదే చెప్పాడు: నియమం మీకు, నాకు కాదు.

ఆ టోపీకీ కథ ఉంది. రూమీ టోపీ టర్కీది. ముస్తఫా కెమాల్ 1924లో ఖలీఫా పదవిని, 1925లో చట్టం చేసి ఈ టోపీని టర్కీలో రద్దు చేశాడు. పదవి పోయిన ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నెలనెలా డబ్బు పంపి, ఆయన కూతుర్నే కోడలిగా తెచ్చుకున్నది హైదరాబాదు. ఇస్తాంబుల్ వీధుల్లో పెట్టుకుంటే శిక్షపడే టోపీ ఆబిడ్స్‌లో, చార్మినార్ దగ్గర దర్జాగా తిరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో షేర్వానీ విద్యార్థుల యూనిఫాం. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇంట్లో పంచె, కాలేజీలో షేర్వానీ వేశారు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం రాకతో కొలువు ముగిసింది. 1949లో బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు చేతులు జోడించి నమస్కరిస్తున్న నిజాం ఫోటో తెలుగు పాఠకులు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అందరి చేత వంగి సలాములు చేయించుకున్న ప్రభువు అందులో షేర్వానీతోనే ఉన్నాడు, ఎదుట పంచె, ఖద్దరు. దస్తార్ అవసరం ఆ తర్వాత తీరిపోయింది. షేర్వానీ అంత తొందరగా పోలేదు. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు కాంగ్రెస్ మనిషి. ఫోటోల్లో మాత్రం షేర్వానీ మనిషి.

బీరువా తెరిచాక

1971లో రాజభరణాలు రద్దయ్యాక నిజాం కుటుంబపు భవనాల్లో సామాను చాలా చేతులు మారింది. పురానీ హవేలీలో మ్యూజియం 2000 ఫిబ్రవరి 18న తలుపులు తెరిచింది. చౌమహల్లా మరమ్మతులు పూర్తయి 2005లో జనానికి అందుబాటులోకి వచ్చింది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ గుర్తింపు తెచ్చుకుంది. అక్కడా దుస్తుల ప్రదర్శన ఉంది. రెండింటినీ ఒకే రోజు చూస్తే షేర్వానీ నుంచి ఖడా దుపట్టా దాకా కథ కలుస్తుంది.

పాత బట్టను నలుగురికీ చూపడం కత్తినో కుర్చీనో చూపడం కంటే కష్టం. వెలుగు పడితే రంగు వెలుస్తుంది. అందుకే మ్యూజియంలు బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వకూడదని నియమం పెట్టుకున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు గది మసకగా అనిపించేది అందుకే. గాలిలో గంధకం తగిలితే జరీలోని వెండి నల్లబడుతుంది. మడత పెడితే మడత దగ్గర తీగ విరుగుతుంది. హ్యాంగరుకు తగిలిస్తే కార్చోబ్ బరువుకు పాత పట్టు భుజాల దగ్గర చిరుగుతుంది. బరువైన కోటును పరుపు మీద పడుకోబెట్టినట్టు బల్లపరుపుగా ఉంచాలి. నిలబెట్టి చూపాలంటే దాని కొలతకు సరిపోయే బొమ్మ కావాలి. బీరువా కట్టినవాళ్లు వాడే బట్టల కోసం కట్టారు, నూరేళ్లు దాచే బట్టల కోసం కాదు.

వేళ్లతో చేసే పని మాత్రం మ్యూజియం బయట నడుస్తూనే ఉంది. పత్తర్‌గట్టి దర్జీలు పెళ్లికొడుకుల కోసం షేర్వానీలు కుడుతున్నారు. కొనలేనివాళ్లకు ఒక్క పూటకు అద్దెకిచ్చే దుకాణాలు నగరమంతా ఉన్నాయి. టోపీ, మెడలో ముత్యాల పేట, కాలికి జోళ్లు అన్నీ అద్దె లెక్కలోనే. కార్చోబ్ చట్రాలు పాతబస్తీ ఇళ్ల మేడగదుల్లో ఉన్నాయి. వాటి మీద బిగించి ఉన్న బట్టల్లో ఎక్కువ భాగం ఇప్పుడు చీర జాకెట్లవే. తెలుగు ఇళ్లలో మగ్గం వర్క్ అంటున్నది ఈ పనే. వరంగల్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన పెళ్లికూతురు ఫోనులో డిజైను చూపిస్తుంది. కారిగరు చేతుల మీద, వెనక వీపు మీద ఎంత దట్టంగా కావాలో అడిగి, తీగ రకాన్ని బట్టి ఎన్ని రోజులు పడుతుందో చెబుతాడు. పెళ్లిళ్ల సీజన్ అయితే నెల ముందే ఇవ్వమంటాడు.